ఖిల్లా గల్లీల్లో కాలినడక: ఘణపూర్, గోల్కొండ, గ్రనడా

మా ఊరి పిల్లలకు కొండ ఎక్కడం కొత్త కాదు. నడక నేర్చిన నాటి నుంచి ఖిల్లా వాళ్ల కళ్లెదుటే ఉంటుంది. అయినా "ఖిల్లా అంటే ఏమిట్రా?" అని అడిగితే గోడలు, బురుజులు, రాజులు అని చెప్పి ఆగిపోతారు. ఆ గోడల మధ్య మనుషులు కాపురాలు చేశారనీ, వాళ్లకు రోజూ నీళ్లు కావలసి వచ్చేవనీ, నమాజుకు మసీదు, పూజకు గుడి, బేరానికి అంగడి, చివరికి పండుకోవడానికి ఖబరస్తాన్ అన్నీ ఉండేవనీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన పెద్దలం మేమే చెప్పలేదు.

ఈ లోటు మాకు తెలిసివచ్చింది గోల్కొండలో. రెండేళ్ల కిందట మా సంస్థ తరఫున పిల్లలను బస్సులో అక్కడికి తీసుకుపోయాం. తెల్లవారుజామున బయలుదేరి, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా పొద్దెక్కేసరికి చేరుకున్నాం. టికెట్లు, చప్పట్లు, మెట్లు, కొండపైన ఫొటోలు, దిగి వచ్చి భోజనం, తిరుగు ప్రయాణం. అంతా సవ్యంగా జరిగిందనే అనుకున్నాం. బస్సు ఎక్కే ముందు పిల్లలకు దాహం వేస్తే పక్క గల్లీలో ఒక ఇంటి ముందు ఆగాం. బిందెతో నీళ్లు తెచ్చి ఇచ్చిన పెద్దావిడ నవ్వుతూ ఒక మాట అన్నది. "సబ్ లోగాఁ ఊపరిచ్ దేఖ్‌తే బేటా. నీచే హమ్ రహతే సో కౌన్ దేఖ్‌తే?" అందరూ పైకే చూసి పోతారు, కింద మేము బతుకుతున్నది ఎవరు చూస్తారు అని ఆమె అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

మరుసటి ఏడు మళ్లీ పోయాం. ఈసారి కొండ ఎక్కడం ఆఖరున పెట్టుకుని ముందు ఊరంతా నడిచాం. ఆ నడకకు ముందు చదువుకున్న సంగతులు, నడిచాక నేర్చుకున్న పాఠం, అలాంటిదే మరొక కొండవాలు పేట స్పెయిన్ దేశంలో ఉందని తెలిసి దాని గురించి సేకరించిన వివరాలు ఇక్కడ పాఠకులతో పంచుకుంటున్నాం.

మాట ఒక్కటే, ఊళ్లు ఎన్నో

ఖిల్లా అనే మాట మనకు ఉర్దూ నుంచి వచ్చింది. ఉర్దూకు పారసీ నుంచి, పారసీకి అరబ్బీ నుంచి చేరింది. అరబ్బీలో 'ఖల్అ' అంటే కోట. ఈ మాట తూర్పుకు నడిచి మన ఘణపూర్ పేరు ముందు నిలిచింది. అదే మాట పడమటికి నడిచి స్పెయిన్‌లో 'అల్ కలా' అయింది. ఆ దేశంలో అల్కలా పేరుతో మొదలయ్యే ఊళ్లు చాలా ఉన్నాయి. అక్కడి ప్రసిద్ధ రచయిత సెర్వాంటెస్ పుట్టిన ఊరు అల్కలా దె ఎనారెస్. గ్రనడా నగరంలోని పేరుమోసిన అల్ హంరా కోట పూర్తి పేరు 'అల్ ఖల్అ అల్ హంరా', అంటే ఎర్రఖిల్లా. ఒకే మాటను ఊరి పేరులో మోస్తున్న చుట్టరికం మనది.

మాటలు ఇటునుంచి అటు కూడా పోయాయి. మనం నారింజ అనే పండును స్పెయిన్‌వారు 'నరంఖా' అంటారు. ఆ పేరు మన దేశంలో పుట్టి, పారసీకుల నోట, అరబ్బుల నోట నలిగి అక్కడిదాకా పోయింది. చెట్టుతోపాటే పేరు కూడా ప్రయాణం చేసింది.

ఘణపూర్ ఖిల్లా మాత్రం కాకతీయుల కాలంలో లేచింది. కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడి పేరు మీదుగా, ఆయన సామంతుల్లో ఒకడైన గోన వంశీయుడు గణపారెడ్డి 13వ శతాబ్దంలో దీన్ని కట్టించాడని చెబుతారు. తెలుగులో రంగనాథ రామాయణం రాసినవాడిగా పేరున్న గోన బుద్ధారెడ్డిది ఆ వంశమే. ఊరికి జీవం పోసిన గణపసముద్రం చెరువు పేరులోనూ ఆ పాత జ్ఞాపకమే ఉన్నది. ఆ తర్వాత ఈ సీమ బహమనీల, కుతుబ్‌షాహీల ఏలుబడిలోకి వచ్చింది. ఊరి పేరులో తెలుగు రాజు పేరు, దాని ముందు అరబ్బీ మాట పక్కపక్కన నిలవడం అలా జరిగింది. ఎవరి పేరునూ ఎవరూ చెరిపివేయలేదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, గ్రనడా దగ్గర మళ్లీ దీని అవసరం పడుతుంది.

గోల్కొండ: దర్వాజాల పేర్లు చదివితే చాలు

గోల్కొండ అంటే గొల్లకొండ. కాకతీయుల కాలం నాటి మట్టికోట 14వ శతాబ్దంలో బహమనీల చేతికి వచ్చింది. బహమనీల సుబేదారుగా ఇక్కడికి వచ్చిన సుల్తాన్ కులీ, ఆ రాజ్యం చెదిరిపోయాక కుతుబ్‌షాహీ వంశానికి మూలపురుషుడయ్యాడు. ఏడుగురు సుల్తానులు ఏలాక 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు సేన కోటను పట్టుకున్నది. ఇంతవరకు బడిపుస్తకాల్లోనే దొరుకుతుంది.

పుస్తకంలో దొరకనిది దర్వాజాల దగ్గర దొరికింది. వెలుపలి కోటకు ఎనిమిది దర్వాజాలు, 87 బురుజులు. ప్రతి దర్వాజా పేరూ ఒక చిన్న పాఠం. బంజారా దర్వాజా పేరు వినగానే ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకొచ్చిన లంబాడీ బిడారులు గుర్తుకు రావాలి. పటాన్‌చెరు దర్వాజా ఏ ఊరి దారిదో చెప్పనక్కరలేదు. మక్కీ దర్వాజా మక్కా దిక్కుకు తెరుచుకున్నది. మొఘల్ సేన లోపలికి వచ్చిన తలుపు ఫతే దర్వాజా, అంటే గెలుపు వాకిలి. ఓడిపోయిన ఊరి వాకిలికి గెలిచినవాడి పేరు నిలిచిపోయింది. ఈ సంగతి చెప్పగానే ఒక అమ్మాయి "మరి దానికి ముందు ఏం పేరు?" అని అడిగింది. అలాంటి ప్రశ్న అడగడం నేర్పడానికే కదా పిల్లలను తీసుకుపోయింది.

మేము ఫతే దర్వాజా నుంచి నడక మొదలుపెట్టాం. తలుపుల మీద మొనదేలిన ఇనుప చీలలు దిగగొట్టి ఉంటాయి. ఏనుగులు తలతో కుమ్మకుండా చేసిన ఏర్పాటు అది. దారి తిన్నగా పోదు, మలుపు తిరుగుతుంది. దండెత్తి వచ్చినవాడి వేగం అక్కడ తగ్గిపోతుంది. నేడు ఆ మలుపు దగ్గర ఆటోలు, స్కూటర్లు, బడి పిల్లలు ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ పోతున్నారు. లోపల బజారు, కిరాణా దుకాణాలు, ఇరానీ చాయ్, దర్జీలు, గోడ వారగా కట్టేసిన మేకలు. గోల్కొండలో వేలాది కుటుంబాలు నేటికీ కాపురం ఉంటున్నాయి. యాత్రికులు దాటిపోయే ఈ దారే అసలు ఖిల్లా.

బాలాహిసార్ దర్వాజాకు చేరువలో జామె మసీదు ఉంది. సుల్తాన్ కులీ 1518లో కట్టించాడు. శాసనంలో తన పేరుతోపాటు బహమనీ సుల్తాను పేరును కూడా గౌరవంగా చెక్కించాడు. తొంభై ఏళ్లు దాటిన ముసలితనంలో, 1543లో, కొడుకు జంషీద్ పన్నిన కుట్రకు ఆయన బలి అయ్యాడు. తాను కట్టించిన ఈ మసీదులోనే నమాజులో ఉండగా చంపారని చరిత్రకారులు రాశారు. సింహాసనం కోసం తండ్రినే చంపించిన కొడుకు ఏడేళ్లే ఏలాడు. పిల్లలు ఆ మెట్ల దగ్గర చాలాసేపు మాట్లాడలేదు.

ఆ తర్వాత నీళ్ల సంగతి. కొండ ఎత్తు దాదాపు 120 మీటర్లు. అంత ఎత్తున రాజమహళ్లకు, తోటలకు, వజూ హౌజులకు నీళ్లు ఎలా చేరాయి? కింది నుంచి పైదాకా అంచెలంచెలుగా తొట్లు కట్టారు. ఒక్కొక్క అంచెలో చక్రానికి కుండలు కట్టి, పశువులతో తిప్పించి నీటిని పై తొట్టికి ఎక్కించారు. అక్కడి నుంచి గోడల్లో పొదిగిన మట్టి గొట్టాల గుండా పంపారు. దుర్గం చెరువు నీళ్లు కూడా ఇలాంటి గొట్టాల ద్వారానే గోల్కొండకు వచ్చేవి. పగిలిన గోడల్లో ఆ గొట్టాల ముక్కలు నేటికీ కనబడతాయి. మా పిల్లల్లో బోరు మోటారు బాగుచేసే మేస్త్రీ కొడుకు ఒకడున్నాడు. వాడు ఒక గొట్టం ముక్క దగ్గర కూర్చుని అతుకు ఎలా వేశారో వేలితో తడిమి చూశాడు. ఆ రోజు వాడే మాకు గైడు.

ఇబ్రాహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన కటోరా హౌజ్ ఖిల్లా లోపలే ఉంది. కటోరా అంటే గిన్నె. ఊరు తాగడానికి కట్టిన ఆ గిన్నెలో మేము పోయిన రోజు చెత్త తేలుతున్నది. మా పిల్లల్లో ఒకడు అలవాటు కొద్దీ చేతిలోని బిస్కెట్ కాగితం అందులోకే విసిరాడు. వాణ్ని తిట్టడానికి మాకు నోరు రాలేదు. పెద్దలు వేసిన చెత్త అంత కనబడుతుంటే ఒక్క కాగితానికి పిల్లవాణ్ని ఎలా తిడతాం? వాడే తలదించుకుని కాగితం తీయబోయాడు, అందలేదు.

నయా ఖిల్లాలో ఒక ముసలి చెట్టు ఉంది. హాతియాన్ కా ఝాడ్ అంటారు. మొదలు చుట్టుకొలత పాతిక మీటర్లకు పైమాటే. ఇది మన నేల చెట్టు కాదు, ఆఫ్రికా ఖండపు బావోబాబ్. వ్యాపారుల వెంటో ఫకీర్ల వెంటో వచ్చి ఇక్కడ వేళ్లూనింది. పరాయి నేల నుంచి వచ్చిన చెట్టు వందల ఏళ్లుగా మనకే నీడనిస్తున్నది.

చివరికి బాలాహిసార్ కొండ ఎక్కాం. దారిలో కంచర్ల గోపన్న, అంటే భద్రాద్రి రామదాసు, ఉన్న చెర ఉంది. పైన మహంకాళి గుడి ఉంది, దానికి చేరువలోనే ఇబ్రాహీం కుతుబ్‌షా కాలపు మసీదు ఉంది. ఆషాఢంలో జంటనగరాల బోనాలు మొదలయ్యేది ఈ ఖిల్లాలోనే. ఈ సుల్తానుల కొలువులో తెలుగుకు ఆదరణ ఉండేది. ఫర్మానాలు పారసీతోపాటు తెలుగులోనూ వెలువడేవి. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఇబ్రాహీంకే అంకితమిచ్చాడు. అచ్చతెలుగులో యయాతి చరిత్ర రాసిన పొన్నికంటి తెలగన దాన్ని పటాన్‌చెరు అధికారి అమీన్‌ఖాన్‌కు అంకితం చేశాడు. ముందు కింద ఊరు చూసి ఎక్కాం గనుక, పైనుంచి కనబడిన ప్రతి కప్పు, ప్రతి మినారు, ప్రతి గల్లీ పిల్లలకు గుర్తుపట్టగలిగినవే అయ్యాయి. "అగో, మనం చాయ్ తాగిన కాడ!" అని వేళ్లు చూపించుకున్నారు.

గ్రనడా: కొండవాలున అల్బైసీన్

ఇక స్పెయిన్ సంగతి. గ్రనడా నగరంలో దార్రో అనే చిన్న నదికి ఒక పక్క గుట్ట మీద అల్ హంరా, ఎదుటి గుట్ట వాలున అల్బైసీన్ పేట. ఇది యూరపులో మూర్లు, అంటే అరబ్బు, బెర్బెర్ వంశాల ముస్లిములు, స్థానికంగా ఇస్లాం స్వీకరించినవారు కట్టుకుని బతికిన పేట. 1984లో అల్ హంరాను, 1994లో అల్బైసీన్‌ను కూడా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ పేటను చూడాలంటే నడవాల్సిందే. గల్లీలు అంత ఇరుకు. నది ఒడ్డు నుంచి మొదలుపెడితే ముందుగా పాత హమామ్ వస్తుంది, బాన్యుయేలో అంటారు. కప్పులో నక్షత్రాల ఆకారంలో కంతలు ఉంటాయి, వెలుతురు వాటి గుండా పడుతుంది. అక్కడి నుంచి గులకరాళ్లు పరిచిన ఎగువ బాట. ఇళ్ల గోడలు తెల్లగా, వీధివైపు కిటికీలు తక్కువగా ఉంటాయి. ఇల్లు లోపలికి చూస్తుంది. మధ్యలో వాకిలి, ఒక నీటి తొట్టి, చెట్టు. మన మండువా ఇళ్లు, పాత దేవిడీలు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. తోటతో కూడిన ఇంటిని అక్కడ 'కార్మెన్' అంటారు. అరబ్బీలో 'కర్మ్' అంటే ద్రాక్షతోట.

పైకి పోయాక పెద్ద అంగడి మైదానం, దాని పక్కన పాత కోటగోడలో ఒక ద్వారం ఉన్నాయి. దాని పేరు తూనికరాళ్ల ద్వారం. దొంగ తూకం వేసే వ్యాపారుల రాళ్లను గుంజుకుని నలుగురూ చూసేలా అక్కడ వేలాడదీసేవారట. తూకంలో మోసం చేసేవారిని హెచ్చరిస్తూ ఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉన్నదని మన పాఠకులకు తెలుసు. ఇంకా పైన సాన్ నికొలాస్ చర్చి ముందు వసారా. అక్కడి నుంచి చూస్తే ఎదురుగా అల్ హంరా, దాని వెనుక మంచుకొండలు. యాత్రికులంతా ఫొటో తీసుకునే చోటు అదే. మన బాలాహిసార్ లాగానే చాలామంది అది చూసి దిగిపోతారు.

14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా గ్రనడాకు వచ్చాడు. అంతకుముందు ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేసినవాడు ఆయనే. గ్రనడా తమ సొంత ఊళ్లలా ఉన్నదని అక్కడే స్థిరపడిన ఫకీర్లను చూశానని రాశాడు. సమర్ఖంద్, తబ్రీజ్ వాళ్లతోపాటు ఇద్దరు హిందుస్తానీలు కూడా వారిలో ఉన్నారట. వాళ్లు మన దేశంలో ఏ ఊరివాళ్లో ఆయన చెప్పలేదు.

నీళ్లు మిగిలాయి, మనుషులు పోయారు

అల్బైసీన్‌లో మాకు అన్నిటికంటే ఎక్కువ మనసుకు పట్టినవి అక్కడి నీటి తొట్లు. అల్ఫకార్ అనే ఊరి దగ్గరి ఊట నుంచి కాలువ తవ్వి కొండవాలు పేటకు నీళ్లు తెచ్చారు. ఆ కాలువ పేరు ఐనదమార్. 'ఐన్ అద్దమ్' అనే అరబ్బీ మాటకు కన్నీటి ఊట అని అర్థం. వీధి వీధినా నేల కింద ఇటుకతో తొట్టి కట్టి ఆ నీటిని నింపేవారు. చాలావరకు మసీదు పక్కనే ఉండేవి. వజూ చేసుకునేవారికీ, బిందె ముంచుకునేవారికీ ఒకే నీరు. అలాంటి తొట్లు ఇరవైకి పైగా నేటికీ నిలిచి ఉన్నాయి. వాటిని 'అల్ఖీబె' అంటారు, 'అల్ జుబ్బ్' అనే అరబ్బీ మాట నుంచి వచ్చింది. వాటి పక్కనున్న మసీదులు మాత్రం మసీదులుగా లేవు.

అది ఎలా జరిగిందో చెప్పుకోవాలి. 1491 నవంబరులో గ్రనడా చివరి సుల్తాను లొంగుబాటు ఒప్పందం చేసుకున్నాడు. ముస్లిముల మతం, మసీదులు, ఆస్తులు, ఖాజీల తీర్పులు అలాగే సాగుతాయని అందులో రాసుకున్నారు. 1492 జనవరి 2న నగరం అప్పగించారు. ఏడేళ్లు గడిచాయి. 1499లో కార్డినల్ సిస్నెరోస్ వచ్చి బలవంతపు మతమార్పిళ్లు మొదలుపెట్టాడు. అల్బైసీన్ పెద్ద మసీదు చర్చి అయింది. దాని వాకిలి నేటికీ సాల్వదోర్ చర్చి ప్రాంగణంగా మిగిలి ఉంది. పేటవాసులు తిరగబడ్డారు. తిరగబడ్డారు గనుక ఒప్పందం చెల్లదన్నారు. అరబ్బీ పుస్తకాలు నడి మైదానంలో తగలబెట్టారు. కొద్ది వైద్య గ్రంథాలను మాత్రం పనికివస్తాయని తీసిపెట్టి, సిస్నెరోస్ తాను విశ్వవిద్యాలయం స్థాపించిన ఊరికి పంపించాడు. ఆ ఊరు ఇంతకుముందు మనం చెప్పుకున్న అల్కలాయే.

1567లో మరో ఫర్మానా వచ్చింది. మూడేళ్లలో అరబ్బీ మాట్లాడటం మానాలి, పాత దుస్తులు మానాలి, ముసుగు తీయాలి, హమామ్‌లు మూయాలి. శుక్రవారం ఇంటి తలుపులు తెరిచి ఉంచాలి, లోపల ఏం చేస్తున్నారో కనబడాలి. అప్పుడు ఫ్రాన్సిస్కో నూన్యెస్ మూలె అనే వృద్ధుడు అధికారికి ఒక అర్జీ రాశాడు. ఆయన కోపంగా రాయలేదు, తర్కంగా రాశాడు. తూర్పు దేశాల్లో క్రైస్తవులు అరబ్బీ మాట్లాడుతూ కూడా క్రైస్తవులుగానే ఉన్నారు కదా అన్నాడు. బట్ట ఊరి వాడుకే గాని మతం కాదన్నాడు. స్నానం శుభ్రత కోసమన్నాడు. పేర్లు పోతే వంశాలే మాసిపోతాయన్నాడు. ముసలివాళ్లు మూడేళ్లలో కొత్త భాష ఎలా నేర్చుకుంటారని అడిగాడు. ఆ అర్జీని ఎవరూ చెవిన పెట్టలేదు. 1568 చివర కొండల్లో తిరుగుబాటు లేచింది. అది అణిగేలోపే అల్బైసీన్ ప్రజలను ఇళ్ల నుంచి వెళ్లగొట్టారు. 1609 నుంచి దేశం మొత్తం నుంచి దాదాపు 3 లక్షల మందిని ఓడలెక్కించి పంపేశారు.

అలా ఖాళీ చేయించిన ఆ పేటలో నీళ్లు మాత్రం కాలువలోనే చాలాకాలం పారాయి. కొత్తగా వచ్చినవాళ్లకు కూడా దాహం వేస్తుంది కదా. 2003లో సాన్ నికొలాస్ పక్కనే కొత్త మసీదు తెరిచారు. దాని తోట ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. గెలిచినవాడు రాసుకున్న చరిత్ర ఒకటి ఉన్నా, స్పానిష్ భాషలో నీళ్లకు, చేనుకు, పండుకు సంబంధించిన మాటలు ఎన్నో ఇప్పటికీ అరబ్బీవే.

మనకు పాఠం

ఈ రెండు కొండవాలు పేటలను పక్కపక్కన పెట్టి చూశాం. గ్రనడాలో మనుషులను పంపేశారు, తొట్లను కాపాడారు. గోల్కొండలో మనుషులు ఉన్నారు, బోనాలు ఉన్నాయి, అజాన్ ఉన్నది, దక్కనీ మాట ఉన్నది, తొట్టిలో మాత్రం చెత్త ఉన్నది. మనది ఎంత పెద్ద అదృష్టమో, ఎంత పెద్ద నిర్లక్ష్యమో ఒకేసారి తెలిసింది. మనుషులు పోయాక రాళ్లను కాపాడినా ఫలం సగమే. మనుషులు ఉండగా కాపాడుకోలేకపోతే తప్పు ఇంకెవరి మీదా వేయలేం.

చేయలేనిదేమీ కాదు ఇది. కుతుబ్‌షాహీ గుంబజుల తోటలోని బడీ బావి గోడ 2013 వానలకు కూలింది. ఆగాఖాన్ ట్రస్టు, ప్రభుత్వ శాఖ కలిసి దాన్ని తిరిగి కట్టించాయి. నేడు అందులో నీళ్లు నిలుస్తున్నాయి. గోల్కొండ మెట్లబావుల ఈ పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. నీటి దానం ఎంత గొప్పదో మన పెద్దలు చెప్పేవారు. మదీనాలో రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ కొని అందరికీ వదిలిన సంగతి పిల్లలకు తెలుసు. కొత్త బోరు వేయించడం సదకా అయితే, పూడిపోయిన పాత బావి పూడిక తీయించడం ఎందుకు కాదు?

నడిచేవారికి కొన్ని మాటలు

పాత ఖిల్లా పేటల్లో నడవబోయే వారి కోసం, ముఖ్యంగా యువకుల కోసం, మా అనుభవం నుంచి:

1. పొద్దున్నే మొదలుపెట్టండి. ముందు ఊరు, తర్వాత కొండ. ఎండలో మెట్లు ఎక్కితే మధ్యాహ్నానికి కళ్లు ఏమీ చూడవు.

2. మెత్తని, పట్టున్న చెప్పులు వేసుకోండి. పాత రాతిమెట్లు నునుపుదేలి ఉంటాయి. వానాకాలం మరీ జాగ్రత్త.

3. గల్లీ మీది కాదు, అక్కడ కాపురమున్నవారిది. గుమ్మంలో కూర్చున్న ఆడవాళ్లను, పిల్లలను అడగకుండా ఫొటో తీయకండి. సలాం చెప్పండి, నమస్కారం చెప్పండి, దారి అడగండి. దారి చెప్పినవారే కథ కూడా చెబుతారు.

4. నీళ్ల సీసా ఇంటి నుంచి తీసుకుపోండి, ఖాళీ సీసా ఇంటికే తెచ్చుకోండి. చాయ్, తిండి మాత్రం ఆ గల్లీ దుకాణంలోనే కొనండి.

5. నమాజు వేళ మసీదులోకి పోతే నమాజుకే పోండి. చూడటానికైతే వేరే వేళ అడిగి పోండి. గుడికైనా ఇదే మర్యాద.

6. గోడల మీద పేర్లు చెక్కకండి. రక్షిత కట్టడాలను పాడుచేస్తే కేంద్ర చట్టం ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. చట్టం మాట అటుంచి, వేల మంది కూలీలు చెక్కిన రాయి మీద వాళ్లలో ఒక్కరి పేరూ లేదు. మన పేరు ఎందుకు?

7. ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. ఊట, బావి, చెట్టు, దర్వాజా, సమాధి దేన్ని చూసినా స్థానికులు దాన్ని ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరే రాసుకోండి.

మన ఊరికి మనం

ఇంటికి తిరిగి వచ్చాక ఘణపూర్ ఖిల్లాను పిల్లలు కొత్త కళ్లతో చూశారు. మేమూ చూశాం. మా తప్పులు కూడా కనబడ్డాయి. పాత మసీదులకు మరమ్మతు అంటే మనం వెంటనే చేసేది పాత రాతి మీద టైల్సు అతికించడం, శాసనం మీద రంగు పూయడం. చందాలు వసూలు చేసి మరీ చేస్తాం. సిస్నెరోస్ మన పుస్తకాలు కాల్చాడని బాధపడే మనమే, మన శాసనాలను మన చేతులతో మాపుకుంటున్నాం. ఏ పాత మసీదుకైనా, దర్గాకైనా, ఖబరస్తాన్‌కైనా రంగు వేసే ముందు అక్కడ చెక్కిన అక్షరాలేమైనా ఉన్నాయేమో చూసి, ఫొటో తీసి, చదవగలిగినవారికి చూపించాలని జమాతు పెద్దలను కోరుతున్నాం. ఆ చోటు వక్ఫ్ గెజెట్‌లో ఉందో లేదో కూడా ఆ పనిలోనే చూసుకోవాలి.

వచ్చే ఏడాదికి మా సంస్థ చేపట్టదలచిన పని చిన్నది. ఊరిలో డెబ్బై ఏళ్లు దాటిన ముసలివారిని, అన్ని కులాలవారిని, అన్ని మతాలవారిని కలిసి కొండ మీదా, కొండ కిందా వాళ్లకు తెలిసిన బావుల పేర్లు, కాలిబాటల పేర్లు, బురుజుల పేర్లు పిల్లలచేత రాయిస్తాం. ఎవరికైనా ఏదైనా గుర్తుంటే మా వాళ్లను పిలిచి చెప్పవలసిందిగా మనవి. రాసిన ఆ పుస్తకం బడిలో ఒకటి, మసీదులో ఒకటి, గ్రామపంచాయతీలో ఒకటి ఉంచుతాం. అందులో ఒక్క బావి అయినా పూడిక తీయదగినదిగా తేలితే, ఇన్షా అల్లాహ్, రంజాన్ తర్వాత దానితోనే పని మొదలుపెడతాం.

గోల్కొండకు మళ్లీ పోతాం. రెండోసారి పోయినప్పుడు ఆ గల్లీలోనే ఆ పెద్దావిడను వెతికాం. ఆ రోజు ఇంటికి తాళం ఉంది. పిల్లలు గుమ్మం మీద, మన ఊరి నుంచి తెచ్చిన సీతాఫలాల సంచి పెట్టి, పక్కింటివారికి చెప్పి వచ్చారు. ఈసారి ఆమె ఇంట్లో ఉంటే, ఆ ఖిల్లాలో ఆమె చిన్ననాటి బావులు ఎక్కడెక్కడ ఉండేవో అడిగి రాసుకుందామని పిల్లలే నోటుపుస్తకంలో మొదటి పేజీ ఖాళీగా ఉంచారు.